కుట్టు లోపలి గుడ్డ

ఎస్పీ రోడ్డులో పదకొండు వేలకి కొన్నాను.
మూత మీద ఎవరిదో ఆఫీసు స్టిక్కరు చింపిన మచ్చ.
'ఎన్' మీట గట్టిగా నొక్కితేనే పలుకుతుంది.
వానలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి
చంటిపిల్లలా అదుముకుని
బనశంకరి బస్సులో నిలబడే తెచ్చుకున్నా.

లినక్స్ ఎక్కించడానికి ఒక రాత్రి పట్టింది,
వైఫై పలకడానికి ఇంకో రెండు.
ఆ తర్వాతి రాత్రి, పీజీలో అందరూ పడుకున్నాక,
తెరకి రంగు వేయడం మొదలుపెట్టా.
వంకాయ రంగు.
హిందూపురంలో మా నాయన టైలరు షాపులో
ఎవరూ అడక్క మిగిలిపోయిన తాను రంగు.
గడియారం ఎడమ పక్క, కింద.
అక్షరాలు పెద్దవి. నా కళ్ళు, నా ఇష్టం.
ఫైళ్ళు చూపించే ఆజ్ఞకి 'చూపు' అని
చెరిపే ఆజ్ఞకి 'పారెయ్' అని పేర్లు పెట్టుకున్నా.
తప్పు కొడితే తెర కసురుతుంది:
"ఏం పాపా, నిద్దరపోతాండావా?"
అది మా నాయన మాట.
రాత్రి రెండింటికి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వా.

శనివారాలు గాంధీ బజార్లో
దర్శిని మీది మేడ గదిలో కలిసేవాళ్ళం.
కింద నుంచి దోసెల పొగ, పైన పన్నెండు తెరలు.
ప్రాణేశ్ నా వెనక నిలబడి చూశాడు.
అతని తెర నలుపు, నలుపు మీద పచ్చ, అంతే.
మౌసు ముట్టి ఆరేళ్ళయిందట,
మడి కట్టుకున్న చేతులు.
"ఇది సెటప్పా, పెళ్ళి పందిరా?
మూలం నుంచి నువ్వే కట్టుకోలేదా?
టెర్మినల్లో తెలుగు ఎవరికి కావాలి?"

గది నవ్వింది.
నేనూ నవ్వా, ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

తెలుగు మాట నిజమే.
అక్కడ నా ఒత్తులు ఊడి పక్కకి జరుగుతాయి,
'స్త్రీ' మూడు ముక్కలై కూర్చుంటుంది.
కానీ తలుపులే లేవని చెప్పుకునే ఇంటికి
గడప మాత్రం మోకాలెత్తు ఉందని
ఆ రోజే దెబ్బ తగిలి తెలిసింది.

నెల రోజులు నల్లగా బతికా.
ఎవరి చొక్కాలోనో చేతులు దూర్చినట్టు.
అబద్ధమెందుకు, అతను చెప్పిన మీటలు కొన్ని బాగున్నాయి,
వేళ్ళకి పరుగు నేర్పాయి.
అవి ఉంచుకుని వంకాయకి తిరిగొచ్చా.
అతని గొంతు మాత్రం అక్కడే వదిలేశాననుకున్నా.

ఆషాఢంలో కదిరి నుంచి తస్లీమా వచ్చింది,
బ్లడ్ బ్యాంకులో లెక్కలు చూసే పిల్ల.
తెర తెరిస్తే అదే నీలం కొండ,
వచ్చింది వచ్చినట్టు, ఒక్క గీత కదపలేదు.
"ఏమీ మార్చలేదా? మరి లినక్స్ దేనికి?"
నోరు నాదే. మాట ప్రాణేశ్‌ది.
గది నవ్వడానికి సిద్ధంగా ఉంది.

"నాకిదే నచ్చింది అక్కా,"
చార్జరు వెతుక్కుంటూ అంది,
"మార్చొచ్చని తెలుసు కదా, చాలు."

మా నాయన ఏ జాకెట్టు కుట్టినా
పక్క కుట్టు లోపల అంగుళం గుడ్డ వదిలేవాడు.
కొందరు ఒళ్ళు చేసి విప్పించుకునేవాళ్ళు.
కొందరు ఆ మడతని ఎప్పుడూ చూడకుండానే
పాతబడేదాకా తొడుక్కునేవాళ్ళు.
గుడ్డ దండగ కదా అంటే
దారం పంటితో తెంపుతూ,
"విప్పకుంటే మాన్నీ పాపా. ఉండాల గదా లోపల."

తస్లీమాకి నా కుర్చీ ఇచ్చా, ప్లగ్గు దానికే దగ్గర.

పోయిన శనివారం మెట్ల మీద
ప్రాణేశ్ ఆపాడు, చెప్పుల్లోకి చూస్తూ:
"ఆ తిట్టు... కన్నడలో పెట్టుకోవచ్చా?
మా అమ్మది ఒకటుంది."

ఏ ఫైలో చెప్పాను.
ఏ తిట్టని అడగలేదు.